సిమెంటు చేతులు

నావి సిమెంటు చేతులు.
పదకొండేళ్లు తీరం వెంట హోటళ్లు కట్టాను.
పొద్దున పోస్తే సాయంత్రానికి రాయి,
మర్నాటికి కూలి డబ్బులు.
ఇక్కడ, జాంజిబార్ పాతపట్నంలో,
పగడపురాయి మేడ ముందు
షామె తాత నా అరచేతులు తిప్పి చూసి అన్నాడు:
"వీటికి తొందరెక్కువ. ముందు చల్లారాలి."

నన్నూ సున్నాన్నీ ఒకేసారి నానేశాడు.
మూడు నెలలు.
సున్నం నీళ్లలో పడి కుతకుతలాడి,
బుసకొట్టి, అలిగి,
ఆఖరికి గడ్డపెరుగులా పేరుకుంది.
నేను మాత్రం ఇంకా ఉడుకుతూనే ఉన్నాను.

మేడ కట్టించింది లవంగాల షావుకారట.
వీధి తలుపు మీద తామరలు, చేపలు,
అంచు చుట్టూ గొలుసు చెక్కించాడు.
గొలుసెందుకో ఎవరూ అడగరు.
కింద నడుం వంచితే తప్ప పట్టని కొట్టు ఉంది.
దాని గురించీ అడగరు.
దూలాలు మడచెట్టు మొద్దులు,
చెట్టు ఎంత పొడుగో గది అంతే వెడల్పు.
లవంగాలు ఎన్ని ఓడలకెత్తినా
షావుకారు పడుకున్నది పడవంత గదిలోనే.

మా పని ముందు విప్పడం.
నలభై ఏళ్ల కిందట ఎవరో మంచిమనసుతోనే
గోడలకి సిమెంటు పూశారు.
గోడకి ఊపిరాడలేదు.
తడి బయటికి రాలేక లోలోపలే ఉప్పై, పొక్కై,
ఒక వానాకాలం అర్ధరాత్రి
మెట్లపక్క గోడ నిలుచున్నచోటే కూలబడింది.
ఉలి పెట్టి ఆ పెచ్చులు ఊడదీస్తుంటే
నా చేతుల మీద నేనే సాక్ష్యం చెబుతున్నట్టుంది.

కొట్టులో, పెచ్చు కింద, పాత గచ్చు.
గచ్చులో, నా మోకాలికి కాస్త పైన,
వేలిముద్ర గుంట.
తడి ఆరిందో లేదో చూద్దామని
ఎవరో నొక్కి, పూడ్చడం మరిచిపోయారు.
షామె తన బొటనవేలు పెట్టాడు. పట్టలేదు.
నన్ను పెట్టమన్నాడు. పట్టలేదు.
"చిన్నపిల్లాడిది" అన్నాడు.
ఆ రోజు మళ్లీ మాట్లాడలేదు.

రెండో అంతస్తు వెనకగదిలో మ్వాజుమా జేచా.
షావుకార్ల మేడలు పేదలకి పంచిన ఏడాది
పెళ్లికూతురిగా ఈ గడప తొక్కింది.
ఆమె బొగ్గులకుంపటి
పక్క గోడని కాలిన చపాతీ పెనం చేసింది,
నున్నగా, మెరిసేంత నలుపు.

ఆఫీసు నుంచి పటం వచ్చింది.
అందులో ఆ గోడ తెల్లగా ఉంది.
కింద 'తొలిరూపానికి తేవాలి' అని రాసుంది.
మ్వాజుమా పటం తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు వెతికింది.
"నా కుంపటేదీ?"
ఇన్‌స్పెక్టరు కుర్రాడు గొంతు సవరించుకున్నాడు:
"ఇది చరిత్ర, అవ్వా..."
"అవును నాయనా.
ఆ మరక చూడు, నా పెద్దది పుట్టిన రాత్రి గంజి పొంగింది.
ఆ చార, బొగ్గు దొరకని ఏడాది
పచ్చి కొబ్బరిమట్టలు కాల్చింది.
మీ షావుకారు ఇక్కడెన్నాళ్లున్నాడు?
నేను యాభై ఎనిమిదేళ్లు."
కుర్రాడు పటం సరిగ్గా తిప్పి ఇచ్చాడు.
ఆమె మళ్లీ తలకిందులు చేసింది.

తర్వాత మిద్దె దిమ్మిస.
వీధి వీధంతా కర్రలు పట్టుకొచ్చింది.
మూడు రోజులు సున్నపు నేలని దంచాం,
పాట ఆగితే దెబ్బ ఆగేది,
దెబ్బ ఆగితే మ్వాజుమా కింద నుంచి కేకేసేది.

ఇప్పుడు గదులన్నీ తెల్లబడ్డాయి.
కుంపటి వెనక మూడు మూరల నలుపు అలాగే ఉంది.
నెలనెలా కుర్రాడొచ్చి దాన్ని చూసి,
చెయ్యి వేసి కూడా చూసి,
ఫైల్లో రాసుకుంటాడు:
'ఇంకా తడి ఆరలేదు.'
టీ తాగి వెళ్తాడు.

కొట్టు గోడ మాత్రం నాకప్పగించాడు షామె.
గోడంతా నున్నగా ఉండాలని పటం.
ఆ వేలి గుంట చుట్టూ, అంచు చెదరకుండా,
తాపీని తాపీగా తిప్పడానికి
నాకు ఒక పూట పట్టింది.

షామె వంగి చూశాడు.
ఆ పూట కూలి కొయ్యలేదు.