బోణీ

నిన్న నాలుగొందల పన్నెండు మంది
గడప తొక్కారట.
కాస్తెల్‌ఫిదార్దో సందులో నీవెస్ కొట్టు తలుపు మాత్రం
ఒక్కసారీ కిర్రుమనలేదు.

తెరమీద గీత లేస్తుంది, పడుతుంది,
ఆమె ఒళ్లోని అకార్డియన్ తిత్తిలాగే.

వారం కూర్చుని రాసిన తాత చరిత్ర దగ్గర
జనం ఆగింది తొమ్మిది సెకన్లు.
"తాతా, నువ్వు తుమ్మేలోపే వెళ్ళిపోయారు."

చిరిగిన తిత్తికి మేకతోలు అతికిన ఫొటో దగ్గరైతే
నాలుగు నిమిషాలు.
ఎవరో ఒకరు, రాత్రి రెండింటికి,
మూడు రాత్రులుగా, అదే ఫొటో.
కిందికి జారి, జారి,
ఫోన్ నంబరు దాకా రాకుండానే మాయం.

తాతని కిందికి దించింది.
నంబరుని ఫొటో పక్కన కూర్చోబెట్టింది.

గురువారం ఫోన్ మోగింది.
ముందు మాట లేదు.
ఊపిరి చాలని ఒక స్వరం, గురగురమంటూ.
తర్వాత అడిగారు:
"ఇది బతుకుతుందా?"