ఎకో గుండీ

మిర్యాలగూడల, అద్దంకి రోడ్డు మీద
డీజిల్ బంకు పక్క రేకుల షెడ్డు నాది.
రెండు పెద్ద పెట్టెలు, నాలుగు బాకా మైకులు,
అట్టముక్క కింద పెడితెగాని నిలబడని ఒక ఆంప్లిఫయర్.
పెండ్లికైనా, పెద్దకర్మకైనా, పార్టీకైనా
సైదులు పట్టేది వైర్లే, మాటలతోని పనిలేదు
అని ఇన్నేండ్లు చెప్పుకుంట వచ్చిన.

పోయిన వానకాలం
మోటరు దొంగ అని ఒక పిలగాన్ని
మిల్లు గేటు స్తంభానికి కట్టి కొట్టిన్రు.
బస్తాలు మోసే బీహారు పిలగాడు.
తెల్లారేసరికి పానం పోయింది.
మూడో నాడు మోటరు దొరికింది
బావిలనే, పూడికల కూరుకపోయి.

సారు వచ్చిండు.
గొంతు సవరిచ్చుకున్నడు, నీళ్ళు తాగిండు, మల్ల తాగిండు.
"చట్టం తన పని తాను చేసుకపోతది" అన్నడు.
గంతే.
నేను వైరు చుట్ట చుట్టేలోపల
కార్లు మాడ్గులపల్లి టోల్‌గేటు దాటినయి.
సచ్చినోని పేరు కాయితం మీద రాసిచ్చిన్రు గని
నోరు తిరగలేదో ఏమో
మడిచి జేబుల పెట్టుకపోయిండు.

ఎండకాలం ఇద్దమ్మను చంపిన్రు.
మిల్లుల సందుల బొగ్గుల పొయ్యి మీద
తపాలచెక్కలు కాల్చి అమ్మే ఇద్దమ్మ.
చెవుల కమ్మలు, మెడల గుండ్లు లేవు.
ముగ్గురు బీహారోళ్ళను తెచ్చి
ఠాణాల బెంచీ కింద కూసోబెట్టిన్రు.
అడుగుడు ఒడువలే, పోస్టుమార్టం కాయితం రాలే.
సారు వచ్చిండు.

ఈ తాప నీళ్ళు తాగలే.
"మన ఆడబిడ్డ" అన్నడు.
బతికున్నన్నాళ్ళు ఆమె పొయ్యిని
మున్సిపాలిటోళ్ళు ఎన్నిసార్లు తన్నిన్రో నాకెరుక.
"మన ఉప్పు తిని" అన్నడు.
"వాళ్ళ రక్తమే అసుంటిది" అన్నడు.
చట్టం ఊసెత్తలే.
దానికి ఆ దినం సెలవేమో.

ఆంప్లిఫయర్ ముల్లు ఎర్రగీత మీద పడి గిలగిల కొట్టుకుంటున్నది.
పీఏ వచ్చి నా చెవుల "ఎకో పెంచు" అన్నడు.
పెంచిన.
రక్తమే... క్తమే... తమే...
మిల్లు క్వార్టర్ల రేకుల దాక పోయి
మల్ల తిరిగొచ్చింది.
తెలుగు రానోళ్ళకు గూడ సమజైంది.
ఒక్కొక్క తలుపు మూసుకునుడు
నేను స్టేజీ మీదికెల్లి చూస్తనే ఉన్న.

ఆఖరికి ఇద్దమ్మ బిడ్డ పూలమ్మకు మైకిచ్చిన్రు.
ఏడుస్తదనుకున్నరు. కెమెరాలు దగ్గరకొచ్చినయి.
ఆమె కొంగు సర్దుకున్నది.
"మా అమ్మకు చదువు రాదు.
బాకీలు గోడకు బొగ్గుతోని గీసేది.
గా గేటు కాడ సచ్చిన పిలగాడు రాంసూరత్.
ఆరు చెక్కల బాకీ, ఆరు గీతలు.
సచ్చినంక తుడుస్తనంటె
ఆడనన్న ఉండనియ్యి వాణ్ని అన్నది.
సారూ, మా అమ్మను సంపినోడు ఎవడో
ఇంక తేలనేలేదు, మీరెట్ల..."

పీఏ నా దిక్కు చూసిండు.
నోరు తెరిచి ఏమనలే. బొటనవేలు కిందికి తిప్పిండంతే.
నా చెయ్యి గుండీ తిప్పింది.
ముంగటి మూడు వరుసలకు ఇనవడ్డది.
ఎనుకోళ్ళకు
పెదవులు కదులుడే కనవడ్డది, చానసేపు.

రాత్రి రేకుల మీద రాళ్ళు పడ్డయి.
తెల్లారి స్టేషన్ల మూటలు, సట్లు,
ఒక చంటిపిల్ల, సికింద్రాబాదు పాసింజరు.
కేసు ఇంక నడుస్తనే ఉన్నది.
ముగ్గుర్ల ఒకాయనను ఇడిచిపెట్టిన్రని ఒకరు,
లేదని ఒకరు.

మైకు నురగ టోపీ సబ్బు పెట్టి పిండిన.
ఆరేసిన. వాసన పోలే.

రెండు సభల కిరాయి ఇప్పటికీ రాలే.
నిన్న షెడ్డు గోడకు బొగ్గుముక్కతోని ఒక గీత గీసిన.
"ఎవరి బాకీ?" అని మా ఇంటామె అడిగింది.
పీఏ పేరు చెప్పబోయిన.
నోట్లెకెల్లి రాలే.
బొగ్గు చేతులనే ఉన్నది,
ఇంకో గీత గీసిన, దాని పక్కన,
ఇంకొకటి.