లోడుతోనా, ఖాళీగానా?

ఏసోబు మేస్త్రి వచ్చీ రాగానే
స్థలం వంక చూడలేదు.
లారీ చుట్టూ ఓ తిరుగుడు తిరిగి
టేపు కొస మస్తాను చేతికిచ్చి బంపరు దగ్గర నిలబెట్టి
మిరప ఘాటుకి రెండు తుమ్ములు తుమ్మి
ముక్కు తుడుచుకుంటూ అడిగాడు:
"ఎత్తు ఎంత రాసుకోను నాసరయ్యా,
లోడుతోనా, ఖాళీగానా?"

మా ఆయన నా వంక చూశాడు.
స్టీరింగే ఆయనది, లెక్కలు నావి.
"లోడుతోనే," అన్నాను.
యార్డు నుంచి అర్ధరాత్రి టిక్కీలు ఎత్తుకొచ్చి
కోల్డు స్టోరేజీ గేటు తీసేదాకా
వీధిలో కాపలా కాసింది చాలు.
పోయినేడు రెండు బ్యాటరీలు, ఓ పరదా.
ఎదురింటి పిచ్చమ్మకి రోజూ
మా టైరుని తిట్టందే తెల్లారదు.
చలాన్లకి వేరే సంచి ఉంది.

పాత క్యాలెండరు వెనక్కి తిప్పి గీశాడు:
నలభై పొడుగు, ఇరవై నాలుగు వెడల్పు,
ఇంటికి ఎనిమిదడుగులు ఎడంగా.
"గుంతలు ఎనిమిది. ఆరేసి అడుగులు."
రేకుల షెడ్డుకి ఆరడుగులా అంటే
మడమతో నేలని తన్ని చూపించాడు.
"రేగడమ్మా ఇది. ఎండలకి నీ కాలు పట్టేంత నోరు తెరుచుద్ది,
వాన పడితే ఉబ్బి గోడని భుజాన ఎత్తుకుద్ది.
ముందు దీని ఆకలి తీర్చాలి.
ఆనక నీ షెడ్డు."
ఎవరికీ కనపడని దానికి
లక్షా అరవై వేలు.
రాశాను. పెన్ను ఒకసారి ఆగి రాసింది.

గ్రావెల్ తోలకం తొంభై.
పైపులు, ట్రస్సులు, రేకులు మూడు లక్షల నలభై.
గోడలు లక్షా తొంభై.
అడుగున కాంక్రీటు లక్షా ముప్పై,
"పదహారు టన్నులు నిలబడాలిగా మరి."
షట్టరు డెబ్బై, కరెంటు నలభై.
కూడితే పది లక్షల ఇరవై వేలు.
కింద నుంచి పైకి మళ్లీ కూడాను. అంతే.
కింద నుంచి కూడితే తగ్గుద్దని
నాకెవరు చెప్పారో!

చీటీ పాడితే ఆరు. అదీ పై నెల.

తీసెయ్యడం మొదలెట్టాను.
గోడలు కొట్టేశాను, గాలి బాగా ఆడుద్ది.
గోడల్లేని చోట షట్టరేంటి, అదీ కొట్టేశాను.
కాంక్రీటు వద్దు, గ్రావెల్నే దిమ్మిస కొట్టిద్దాం.
కరెంటు మీద గీత పెడుతుంటే
"అక్కా," అన్నాడు మస్తాను.
నాలుగేళ్లుగా క్యాబిన్లో కాళ్లు ముడుచుకు పడుకునే పిల్లాడు,
జీతం పెంచమని కూడా ఏనాడూ నోరు తెరవనోడు.
"ఒక్క ప్లగ్గు పాయింటు ఉంచక్కా. ఫ్యానుకి."
నలభై వేలు కొట్టేసి
పక్కన ఎనిమిది వందలు రాశాను.
ఏసోబు క్యాలెండరు వంక చూశాడు గానీ
ఏమీ అనలేదు.
ఐదు లక్షల తొంభై వేల ఎనిమిది వందలు.

సాయంత్రం పోతూ పోతూ
మూలలకి మేకులు కొట్టి, దారాలు లాగి
సున్నంతో ముగ్గు పోశాడు,
కొట్టేసినవి కూడా వదలకుండా:
మూడు గోడలూ, పన్నెండడుగుల తలుపూ.
"గీతకి డబ్బులవ్వవులేమ్మా."
సున్నం సంచి నూట పది.
అది మాత్రం కాగితం మీద లేదు.

రాత్రి పదకొండున్నరకి లోడుతో వచ్చాడు మా ఆయన.
వీధిలో ఆపలేదు.
లైట్ల వెలుగులో తెల్లటి గీతలు చూసి
కాసేపు ఇంజను అలాగే ఉంచి
బండి తిప్పి రివర్సు వేశాడు.
"రానియ్... రానియ్..." వెనక మస్తాను.
తలుపు గీత దగ్గర బ్రేకు తొక్కి
తల బయటపెట్టి అడిగాడు:
"అద్దం తగలదుగా?"
నేను వెళ్లి చూశాను. జానెడు ఉంది.
"తగలదు. రా."

లేని గోడకి జానెడు ఎడంగా
ఆగింది లారీ.
మస్తాను చాప చంకన పెట్టుకొచ్చి
ప్లగ్గు పాయింటు ఎక్కడొస్తుందో నన్నడిగి
ఆ పక్కనే పరుచుకున్నాడు.