గుణుపురం దాటాక బ్రెజిల్

ఢిల్లేశు సెల్ షాపులో, రీఛార్జి కార్డుల వెనకాల
దక్షిణ అమెరికా పటం ఉండేది.
అట్లాసులోంచి చింపింది. చిలీ తోక దగ్గర టీ మరక.
ఆరేళ్ళు దాని కింద కూచుని లెక్కలేశాం,
విమానానికెంత, వీసాకెంత,
రియోలో రాత్రంతా ఎగిరాక పొద్దున్న టిఫినుకెంత.
పాలడబ్బాలో దాచిన డబ్బు
ముఖలింగం చెల్లెలి ఆపరేషనుకి ఒకసారి,
కూర్మారావు ఆటో ఇంజనుకి ఒకసారి
అడుగంటింది.
ఎవరూ ఎవర్నీ తిరిగి అడగలేదు.

మూడోసారి బోర్లించి లెక్కపెడితే
పదకొండు వేల నాలుగొందలు.
"బ్రెజిల్ మాట దేవుడెరుగు,
గుణుపురం మట్టుకు రెండొందల సార్లు ఎల్లొచ్చు"
అన్నాడు కూర్మారావు.
అందరికన్నా ముందు ఢిల్లేశే నవ్వాడు.
మర్నాడే పర్లాకిమిడి స్టేషన్లో ఉన్నాం.

నా వీపు మీద మా తమ్ముడి బడి సంచి,
దాని మీద ఇంకా వాడి రోల్ నంబరు.
టికెట్ల దగ్గర తెలుగులో దెబ్బలాడి,
గుణుపురంలో అరటిపళ్ళకి ఒడియాలో బేరమాడి,
రాయగడ దాటాక చేతులతోనే సరిపెట్టుకున్నాం.
బస్సులో కువీ మాట్లాడే ముసలాయన
నలుగురికీ నాలుగు బీడీలిచ్చాడు గానీ
కిటికీ పక్క సీటు మాత్రం ఇవ్వలేదు.

సిమిలిగూడ అవతల, పేరు రెండుసార్లు అడిగి
రెండుసార్లూ మరిచిపోయిన ఊళ్ళో
ఆ రాత్రి.
సొరకాయ బుర్రలో జీలుగ కల్లు,
అడ్డాకు దొప్పలో వెదురుకొమ్ముల కూర,
నాలిక మీద పుల్లగా చిటపటలాడే ఎర్రచీమల పచ్చడి.
"నైట్ లైఫంటే ఇదేనేటిరా?"
జవాబు చెప్పేలోగా తుడుము మోగింది.
పెళ్ళి ఊరేగింపులో సైతం అడుగు కదపని ముఖలింగం
థింసా గొలుసులో ఏడో మనిషయ్యాడు.
పక్కనున్న అవ్వ వాడి బెల్టు పట్టుకుని
పడిపోకుండా ఈడ్చుకుపోయింది తెల్లారేదాకా.
పొద్దున్నే చూస్తే వాడి చెప్పులొక చోట లేవు.

కుందులి సంతలో ఢిల్లేశు పిచ్చివాడయ్యాడు.
టమాటా బుట్ట ముందు ఆగి, "ఇది అక్కడిదేరా!"
బంగాళాదుంప ఎత్తి చూపించి, "ఇదీ పెరూదే!"
మిరప, బొప్పాయి, వేరుశనగ,
మా ఊరి చుట్టూ కాసే జీడిమామిడి తోటలన్నీ కూడానట.
పాస్‌పోర్టు లేకుండా, పాలడబ్బా లేకుండా,
ఎవరి సంచుల్లోనో నక్కి
సముద్రం దాటొచ్చేశాయట.
ముక్కుకి మూడు పుడకలున్న ఆవిడ
వాడి ఉపన్యాసమంతా ఓపిగ్గా విని
మొక్కజొన్న పొత్తొకటి వాడి చేతిలో పెట్టింది:
"మా అమ్మమ్మ విత్తనం ఇది.
పది రూపాయలు."

దేవమాలి ఎక్కేసరికి ఏమీ కనపడలేదు.
తెల్లటి మంచు, మా దగ్గులు, ఎక్కడో మేక గంట.
"ఆండీసు కొండలూ ఇంతేనేమో,
డబ్బు మిగిలింది" అన్నాడు కూర్మారావు.
అన్నాక, ఒక్క రెండు నిమిషాలు
మంచు చెంగు పక్కకి తొలిగింది.
కింద వలిసె చేలు,
అంత పసుపు నేను దేని మీదా చూడలేదు.
ఫోను తీయబోయి
ఎందుకో తీయలేదు ఎవరమూ.
మళ్ళీ మూసుకుపోయింది.

ఇంటికొచ్చాక ఢిల్లేశు పటం ముందు నిలబడ్డాడు
పెన్సిలు పట్టుకుని, చాలాసేపు.
అందులో మేం వెళ్ళిన చోటు లేదు కదా.
కాగితం అంచు దాటి
గోడ సున్నం మీద చుక్క పెట్టాడు.
చుక్క నుంచి రియోకి వేళ్ళతో కొలిచి,
"జానా బెత్తెడు" అన్నాడు,
షట్టరు సగం దించుతూ.
ముఖలింగం కొత్త చెప్పులు కొన్నాడు.
పాలడబ్బాలో ఇప్పుడు
మూడొందల నలభై రూపాయలూ,
గుప్పెడు మొక్కజొన్న గింజలూ.
డబ్బా కదిపితే
ఏది చప్పుడు చేస్తోందో తెలీదు.