అడుగు తీగ

ఓట్మార్ సోబొట్కా చేతిని నేను మొదట చూసింది
బోట్రోప్‌లో, ఒక బేకరీ గల్లాపెట్టె దగ్గర.
ఎడమ చేత్తో చిల్లర లెక్కపెడుతున్నాడు,
కుడి చేతి రెండు వేళ్లు మాత్రం చెక్కబల్ల మీద
నడుస్తూనే ఉన్నాయి,
చీకట్లో ఎవరో మెట్లు దిగుతున్నట్టు.

వాళ్ల నాన్నది గని పని.
అడుగున తవ్వేసిన పొర కూలినప్పుడల్లా
ఇంట్లో అల్మారాలోని పింగాణీ కప్పులు
ఒకదాన్నొకటి తాకి సన్నగా గొణిగేవట.
"అమ్మ కప్పుల్ని వినేది, నేను నేలని వినేవాణ్ణి."
తన సంగీతం గురించి అతను నాతో అన్నది
ఈ ఒక్క ముక్కే.

పద్దెనిమిదో ఏట కాల్టర్ షాఖ్ట్‌లో చేరాడు.
పెళ్లి చేసుకుని సంగీతం మానేసిన ఒక డాన్సు బ్యాండువాడి దగ్గర
బేరమాడి కొన్న బాస్ గిటార్.
యుద్ధకాలపు బంకర్‌లో సాధన, రెండు మీటర్ల మందం గోడలు.
లోపల ప్రళయం వాయిస్తున్నా
బయట ఫ్రావ్ ఎల్స్‌బెట్ తన పావురాలకి
నిమ్మళంగా గింజలు చల్లేది.

గిటార్లవాళ్ల జుట్టు దీపాల కింద ఎగిరేది.
ఇతను డ్రమ్ముల పక్కన,
ఆంప్లిఫయరుకి వీపు ఆనించి,
చలికాచుకునేవాడిలా నిలబడేవాడు.
పిక్ ముట్టడు. బొబ్బలు చిట్లితే
జిగురు పూసి అతికించుకుని మళ్లీ మొదలు.

ఎనభై ఏడులో రెండో రికార్డు.
మీటల దగ్గర కూర్చున్నది నేనే.
ఫోల్కర్ నా భుజం మీంచి వంగి
"బాస్ తగ్గించు" అన్నాడు. తగ్గించాను.
"ఇంకా."
తగ్గించాను.
"ఇంకా."
వెనక సోఫాలో ఓట్మార్ సాసేజ్ రొట్టె తింటున్నాడు.
తనెక్కడా లేని నలభై ఒక్క నిమిషాలూ
చివరిదాకా విని, ఒళ్లో రాలిన పొడి దులుపుకుని
"ఆఖరి బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

ఆ రికార్డే పేరు తెచ్చింది.
నా గొంతులో దిగిన ముల్లూ అదే.

తర్వాత కటోవిత్సె, సావో పాలో, ఒసాకా.
ఐదుగురు గాయకులు మారారు, మూడు వ్యాన్లు తగలడ్డాయి,
ఒక మేనేజరు డబ్బుతో మాయమయ్యాడు.
టూర్లు లేని నెలల్లో గెల్జెన్‌కిర్షెన్‌లో ట్రామ్ నడిపేవాడు,
జడ కాలరు లోపలికి దోపుకుని.
ఒకసారి ఒక కుర్రాడు ఎక్కాడు,
డెనిమ్ చొక్కా వీపంతా కాల్టర్ షాఖ్ట్ పేరు కుట్టించుకుని.
వాడికేసి చూసి ఇతనన్నది:
"టికెట్ మీద ముద్ర వేయించుకో."

నలభై దాటాక ఎడమ చెవి పోయింది.
బాస్ పైకొమ్మును రొమ్ముటెముకకి ఆనించుకుని
ఎముకతో వినడం నేర్చుకున్నాడు.
డాక్టరు తిట్టాడు.
డాక్టరుకి చెవులు బాగానే ఉన్నాయి మరి.

ఆఖరి గని మూతపడిన డిసెంబరులో
కంపెనీవాళ్లు పాత రికార్డు మళ్లీ వేస్తామన్నారు.
పాత టేపుల్ని కాల్చాలి,
ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండే పొయ్యిలో, ఎనిమిది గంటలు,
లేకపోతే తిప్పుతుండగానే ఒలిచిపోతాయి.
అతణ్ణి పిలిచాను. వచ్చి స్పీకరు మీద అరచెయ్యి పెట్టాడు.

అతని మీటని పైకి తోశాను.
ఇంకా.
ఇంకా.

లోతు నుంచి ఒక లిఫ్టు
బొగ్గుతో, మనుషులతో, తడి గాలితో
పైకి వస్తున్నట్టు వచ్చాడు.
ముప్పై ఏళ్లుగా కూడబెట్టుకున్న క్షమాపణ
నోటిదాకా వచ్చింది.
అంతలో రెండో పాట మధ్యలో ఒక అపస్వరం,
పచ్చిగా, సిగ్గులేకుండా.
ఓట్మార్ పడీపడీ నవ్వాడు.
"ఇన్నేళ్లూ నా తప్పు కాచావన్నమాట!
ఫోల్కర్‌కి తెలిసుంటే తన్నేవాడు."
"తీసేయనా?"
తల అడ్డంగా ఊపాడు.

పాట సాగింది.
బల్ల మీద నా కాఫీ కప్పు
సాసరులో సన్నగా గొణగడం మొదలుపెట్టింది.
ఇద్దరం దాని వంక చూళ్లేదు.