ప్రతి గడపకీ కొంత

అక్టోబరు గాలి సిన్‌చూ మీదికి వచ్చిందంటే
మూడు నెలలు ముక్కుపిండి గానీ పోదు.
వీధిలో ఒక స్కూటరు ఒరిగితే
వరస మొత్తం ఒరుగుతుంది.
రాత్రి పదకొండున్నర. మూడో అంతస్తు ల్యాబ్‌లో
మీటరు ముల్లొక్కటే నిలకడగా ఉంది,
మూడు పాయింట్ ఒకటి దగ్గర.

రావలసింది ఆరు.
ఒకటీ పాయింట్ రెండు, ఐదుసార్లు.
చిన్నపిల్లలు వేళ్ల మీద వేసే లెక్క.
టంకం చూశాను. తీగలు తడిమాను.
ప్రోబు మొన తుడిచి మళ్లీ ఆనించాను.
క్లాకు బుద్ధిగా ఎక్కుతోంది, దిగుతోంది.
రెండు పాయింట్ తొమ్మిది వోల్టులు మింగి
మూతి తుడుచుకున్నదెవరో దొరకలేదు.

ఫాన్ చిన్-షెంగ్ కుర్చీ ఈడ్చుకొచ్చాడు.
వచ్చే నెల రిటైరయ్యే మనిషి.
జేబులోంచి ఎండు పర్సిమన్ తీసి
చీల్చి సగం నా చేతిలో పెట్టాడు.
"దొంగ కాదు పేయీ. సుంకం."

ఐదు ట్రాన్సిస్టర్లు, వరసగా.
ఒక్కోదాని గేటు దాని డ్రెయిన్‌కే ముడి.
తన తలుపు తాళంచెవి తన మెడలోనే.
తియ్యడానికి ఎవరూ రారు,
వచ్చే ఒత్తిడే తోసుకుని లోపలికి రావాలి.
గడప ఎత్తు దగ్గర మాత్రం బేరం లేదు.
దాటనిది దానికి లెక్కలోకే రాదు.
దాటినా ఊరుకోదు,
నాలుగింతల కరెంటు కావాలంటే
గడప మీద పెట్టిన జోరు రెండింతలు చెయ్యమంటుంది.

"సరే, గడపకి నలభై ఐదు వందో వంతులు.
ఐదు గడపలకి రెండుంబావు.
ఇంకా అరవోల్టు పైచిలుకు ఏమైంది?" అన్నాను.
అన్నీ ఒకే అచ్చులో పోసినవే కదా.

పండ్ల అట్టపెట్టె వెనక్కి తిప్పి మెట్లు గీశాడు,
అడుగున ఒకటే గీత.
"నేల అందరికీ ఇదే.
పైకి పోయిన కొద్దీ అది దూరమవుతుంది,
దూరమైన కొద్దీ కాళ్లు పట్టి లాగుతుంది.
అచ్చు ఒకటే అయినా
పైమెట్టు మీది గడప ఎత్తు ఎక్కువ."
నలభై ఐదు, యాభై రెండు,
యాభై ఎనిమిది, అరవై ఐదు,
ఐదోదానికి డెబ్బై.
కూడాను. లెక్క సరిపోయింది.
సరిపోవడం నాకు నచ్చలేదు.

పసుపు దీపాల గదిలో వేఫర్ డబ్బాలు మోస్తూ
వచ్చినదాన్ని ఈ భవనంలోకి.
టెస్టు బల్ల దగ్గరికి చేరేసరికి
ఆదివారాల బ్యాడ్మింటన్ పోయింది.
డిజైను గదికి వచ్చేసరికి
అమ్మతో మాట్లాడే హక్కా మాటల్లో కొన్ని
నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి.
ఇవేవీ ఫాన్‌కి చెప్పలేదు.
పర్సిమన్ నములుతూ ఊరుకున్నాను.

అతను పెన్సిలుతో ఇంకో తీగ గీశాడు,
ముందు మెట్టు నుంచి వెనక్కి.
"ముందున్నదాని ఎత్తు తెచ్చి
వెనకదాని గేటుకి అందించు.
అప్పుడది తనను తాను తోసుకోనక్కర్లేదు."

రెండు గంటలకి సిమ్యులేషన్ ఆగింది.
ఐదు పాయింట్ రెండు.
ఆరు కాదు.
చిట్టచివరిదానికి చెయ్యందించడానికి
ముందెవరూ లేరు.
దాని గేటు దాని డ్రెయిన్‌కే,
దాని గడప దానికే.
"దాన్ని అలాగే ఉండనీ," అన్నాడు ఫాన్
కోటు తొడుక్కుంటూ.
షిన్‌పూలో వాళ్లమ్మ పెరట్లో
ఐదు గంపల పండ్లు ఆరేస్తే
గాలి ఒక గంప తిరిగిస్తుందట.
మిగతా నాలుగూ ఏవని ఎవరూ అడగరట.

మెట్లు దిగి వీధి తలుపు దగ్గరికి వచ్చాను.
బయట నుంచి గాలి అదిమి పట్టింది.
అరచేత్తో తోశాను. కదల్లేదు.
భుజం ఆనించాను.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత, సన్నగా,
చలి ముందు లోపలికి వచ్చింది.