పథకం పేరు

శుక్రవారంలోగా సేవా పథకం పేరు రాసివ్వమన్నారు
ఇమ్మానుయేల్ సార్.

మొక్కలు నాటుదామా అంటే
నిరుడు పెరంబూరులో మా ట్రూప్ నాటినవాటిలో
బతికినవి ఇనుప కంచెలే,
లోపల టీ కప్పులు.
గోడకి రంగులేద్దామా?
మూడోనాటికి దానిమీద సినిమా పోస్టరు.

స్కార్ఫ్ తియ్యకుండానే
స్టాన్లీ ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర
నాన్న బీపీ మాత్రల కోసం నిలబడ్డాను.
వెనక కార్పొరేషన్ ఆకుపచ్చ కోటులో పోలమ్మ.
"అబ్బాయ్, తెలుగోడివేగా?
వీటిల్లో పొద్దుటిదేది, రాత్రిదేది?"
మూడు కాగితం పొట్లాలు. మూడూ తెల్లవే.
"మరి నిన్న ఏది వేసుకున్నావమ్మా?"
"చేతికందింది."

కిటికీలో ఆవిణ్ణి రెండుసార్లు అడిగి
మార్కర్ తీశాను.
ఒకదానిమీద సూర్యుడు,
ఒకదానిమీద చంద్రుడు,
అన్నం తిన్నాక వేసుకునేదానికి పళ్ళెం.
ఈలోగా క్యూలోంచి
ఇంకో రెండు చేతులు చాచుకొచ్చాయి, పొట్లాలతో.

రాత్రి ఫారంలో పేరు రాశాను,
కొట్టేశాను, మళ్ళీ అదే రాశాను.
"ఎంతమందికి మేలు" అన్న గడి దగ్గర
పెన్ను ఆగిపోయింది.

పై వారం పోలమ్మ పొట్లాన్ని
తిప్పి తిప్పి చూపించింది:
"ఇది చందమామా? దోసబద్దలా ఉంది.
పక్కనో చుక్క పెట్టు."